అంబారీ విరిగింది... బాధ్యత ఎవరిది?

ఆన్‌లైన్ వేలంలో అమ్మిన కొండపల్లి బొమ్మకు దారిలో దెబ్బ
తగాదా ముదరకుండా తీర్చుకున్న కళాకారుడు

కొండపల్లి: బొమ్మల కాలనీలోని ఒక కుటుంబం ఎనిమిది రోజులు శ్రమించి చేసిన అంబారీ ఏనుగు అది. ఎత్తు అడుగున్నర. వీపున అంబారీ, అందులో రాజు, ఆ పైన గొడుగు, మెడ మీద మావటి. 2025 దసరాకు ముందు ఆ ఏనుగును ఆన్‌లైన్ వేలంలో పెట్టారు. 3,000 రూపాయలతో మొదలైన పాట 5,600 రూపాయల వద్ద ఆగింది. దుకాణానికి వేస్తే ఇందులో సగం కూడా చేతికి రాదు కదా అని ఇంటిల్లిపాదీ సంతోషించారు. ఆ సంతోషం ఆరు రోజులే నిలిచింది.

బొమ్మను పాడుకున్నది బెంగుళూరులో స్థిరపడిన ఒక తెలుగు గృహిణి. ఏడో రోజు ఉదయం ఆమె నుంచి సెల్‌ఫోనుకు నాలుగు ఫొటోలు వచ్చాయి. అంబారీ ఏనుగు వీపు నుంచి ఊడిపోయింది. గొడుగు రెండు ముక్కలైంది. మావటి కుడి చేయి కనిపించడం లేదు. "కొలువులో పెట్టుకుందామని పాడుకున్నాను. దసరా ఇంకా పది రోజులే ఉంది. విరిగిన బొమ్మను మెట్ల మీద ఎలా పెట్టమంటారు? నా డబ్బు నాకు పంపించేయండి" అని ఆమె రాశారు.

నలభై ఏళ్లుగా ఉలి పట్టిన ఇంటి పెద్దకు కోపం వచ్చింది. "మనం నిక్షేపంలాంటి బొమ్మను పంపించాం. దారిలో ఏం జరిగితే మనకేం సంబంధం? పాటలో ఎక్కువ పెట్టానని ఇప్పుడు బాధపడుతోందేమో! వాళ్లే విరగ్గొట్టి మన మీదికి తోస్తున్నారేమో, ఎవరు చూడొచ్చారు?" అన్నారు. ఆన్‌లైన్ అమ్మకాలు చూసుకునే కుమారుడు మాత్రం, "నాన్నా, ఒక్క పూట ఆగు. ముందు ఫొటోలు సరిగ్గా చూద్దాం" అన్నాడు.

ఆ ఒక్క పూట ఆగడమే ఆ కుటుంబానికి మేలు చేసింది.

మొదటి జవాబులోనే సగం తగాదా

ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో సరుకు అమ్మేవారు ఇప్పుడు పల్లెల్లోనూ కనిపిస్తున్నారు. ఊరగాయలు, చీరలు, బొమ్మలు, పాత నాణేలు అన్నీ పార్సిలు ఎక్కుతున్నాయి. మన దేశంలో ఆన్‌లైన్ వేలం కొత్తదేమీ కాదు. బాజీ డాట్ కామ్ అనే వేలం సంస్థను 2004లో అమెరికాకు చెందిన ఈబే కొనుగోలు చేసింది. 2018 ఆగస్టులో మన దేశంలోని ఈబే అమ్మకాల విభాగం మూతపడింది. అయినా ఇక్కడి నుంచి విదేశాలకు అమ్మేవారు ఆ సంస్థ ద్వారా అమ్ముతూనే ఉన్నారు. కొందరు చిన్న చిన్న వెబ్‌సైట్లలోనూ, ఫోను గ్రూపుల్లోనూ పాటలు పెడుతున్నారు.

సరుకు ఏదైనా, వేదిక ఏదైనా, పెట్టె నలిగి చేరిందంటే వచ్చే తగాదా ఒక్కటే. కొన్నవారు అమ్మినవారిని అంటారు. అమ్మినవారు కొరియర్‌ను అంటారు. కొరియర్ వారు ప్యాకింగు బాగాలేదంటారు.

కొండపల్లి యువకుడు ఆ రోజే కొనుగోలుదారుకు జవాబు రాశాడు. తప్పు మాది కాదనీ అనలేదు, మాదేననీ ఒప్పుకోలేదు. "బొమ్మ అలా చేరినందుకు మాకూ బాధగా ఉందమ్మా. మీకు నష్టం రానివ్వం. దయచేసి అట్టపెట్టెను, లోపలి కాగితాలను, ఊడిన ముక్కలను పారేయకండి. పెట్టె ఆరు వైపులా ఫొటోలు తీసి, చిరునామా చీటీ కనిపించేలా పంపండి. రేపు సాయంత్రంలోగా ఏం చేయగలమో చెబుతాం" అన్నది ఆ జవాబు.

ఇందులో మూడు సంగతులు ఉన్నాయి. జవాబు వెంటనే వెళ్లింది. కొన్నవారిని దొంగలా చూడలేదు. సాక్ష్యం చెదిరిపోకుండా అడిగింది. పెట్టెను చెత్తకుండీలో వేశాక కొరియర్ సంస్థ వద్దకు వెళితే, 'ప్యాకింగు చూపించండి' అన్న మొదటి ప్రశ్నకే జవాబు ఉండదు.

వేలం వేదికలకు గడువులు కూడా ఉంటాయి. ఉదాహరణకు ఈబే నియమాల ప్రకారం సరుకు దెబ్బతిని చేరితే కొన్నవారు 30 రోజుల్లోగా ఫిర్యాదు పెట్టవచ్చు. దానికి అమ్మినవారు 3 పనిదినాల్లో స్పందించాలి. లేకపోతే ఆ సంస్థే కలుగజేసుకుని తీర్పు చెబుతుంది. కోపంతో ఊరుకున్నవారు ఈ విధంగా నష్టపోతారు.

ఫొటోలు చెప్పిన నిజం

మధ్యాహ్నానికి మిగతా ఫొటోలు వచ్చాయి. తండ్రి కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ పరిశీలించారు.

కొండపల్లి బొమ్మను ఒకే దుంగలో చెక్కరు. తెల్లపొణికి చెక్కతో ఒళ్లు, కాళ్లు, చేతులు, తొండం విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతుకుతారు. ఆపైన సుద్ద పూసి రంగులు వేస్తారు. చెక్క తేలిక. అతుకు నిలిపి ఉంచితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. కానీ పక్క నుంచి బలం పడితే ముందు వదిలేది అతుకే.

ఏనుగు ఒంటి మీద ఒక్క గీత కూడా లేదు. చేతి నుంచి జారిపడితే ముందు తొండమో, దంతమో పోవాలి. అవి రెండూ చెక్కు చెదరలేదు. పోయినవన్నీ పై భాగాలే. అట్టపెట్టె పై మూత లోపలికి కుంగి ఉంది. గొడుగు కొనకు ఉన్న ఎర్ర రంగు మూత లోపలి వైపు అంటుకుని కనిపించింది.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదని కుమారుడు చెబుతున్నాడు. తర్వాత, "ఆవిడ తప్పు లేదురా. గొడుగుకీ మూతకీ మధ్య మనం జానెడు కాదు గదా, వేలెడు ఖాళీ కూడా ఉంచలేదు. పైన బరువు పెట్టారు, మూత కుంగింది, గొడుగు తగిలింది. అంబారీ అతుకు వదిలింది. పెట్టె కట్టింది నేనే" అన్నారు.

కొరియర్ వారు పెట్టె మీద బరువు పెట్టి ఉండవచ్చు. కానీ దారిలో ఒక పెట్టె మీద మరొకటి పడుతుందన్నది తెలిసిన సంగతే. పెట్టె మీద 'జాగ్రత్త, పగిలే వస్తువు' అని చీటీ అంటించినంత మాత్రాన లోపలి వస్తువుకు రక్షణ ఉండదు.

చట్టం ఏమంటున్నది?

'సరుకును కొరియర్‌కు అప్పగించాం, ఇక మా పని అయిపోయింది' అనే వాదన చాలామంది అమ్మకందారుల నోట వినిపిస్తుంది. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 39వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం మేరకు సరుకును రవాణాదారుకు అప్పగిస్తే కొన్నవారికి అప్పగించినట్లే భావిస్తారు. అయితే అదే సెక్షన్ ఇంకొక మాట కూడా చెబుతున్నది. సరుకు స్వభావాన్ని బట్టి రవాణాదారుతో తగిన ఏర్పాటు చేయవలసింది అమ్మినవారే. ఆ ఏర్పాటు చేయక సరుకు పోయినా, చెడినా, తమకు అప్పగించినట్లు ఒప్పుకోబోమని కొన్నవారు అనవచ్చు.

ఆన్‌లైన్ అమ్మకాలకు 2020 జూలైలో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు మరింత గట్టివి. వేదికల ద్వారా అమ్మేవారు, సరుకులో లోపం ఉన్నా, ప్రకటించినట్లు లేకపోయినా వెనక్కి తీసుకోవడానికిగానీ, డబ్బు తిరిగి ఇవ్వడానికిగానీ నిరాకరించరాదు. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలియజేయాలి. నెల రోజుల్లో పరిష్కరించాలి. కొన్నవారు 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి చెప్పుకోవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు విలువ గల ఫిర్యాదుకు రుసుము కూడా లేదు.

కనుక కొన్నవారితో తగాదా తెంచుకోవలసింది అమ్మినవారే. కొరియర్‌తో తగాదా వేరు. దాన్ని తర్వాత చూసుకోవాలి. ఈ రెండింటినీ కలిపి, 'కొరియర్ వారు డబ్బు ఇస్తే మీకు ఇస్తాం' అంటే కొన్నవారు ఒప్పుకోరు. ఒప్పుకోవలసిన అవసరమూ వారికి లేదు.

రెండు దారులు చూపించి...

తండ్రీకొడుకులు లెక్క వేసుకున్నారు. డబ్బు తిరిగి ఇస్తే 5,600 రూపాయలు పోతాయి. పంపడానికి అయిన 640, తిరిగి తెప్పించుకోవడానికి మరో 640, మొత్తం 1,280 రూపాయల కొరియర్ ఖర్చు చేతి నుంచి పడుతుంది. విరిగిన ఏనుగు మాత్రం ఇంటికి చేరుతుంది.

అప్పుడు పెద్దాయనకు ఒక ఆలోచన తట్టింది. ఊడినవి విడి భాగాలే కదా! ఒళ్లు బాగుంది. అంబారీ, గొడుగు, మావటి మాత్రం కొత్తవి చేసి పంపితే?

మర్నాడు ఆయనే స్వయంగా ఫోను చేశారు. "అమ్మా, పెట్టె కట్టడంలో పొరపాటు మాది. మీకు రెండు దారులు ఉన్నాయి. బొమ్మ వద్దంటే మా ఖర్చుతో వెనక్కి తెప్పించుకుని మీ డబ్బు పూర్తిగా పంపిస్తాం. ఉంచుకుంటామంటే పై భాగాలన్నీ కొత్తవి చేసి ఈ వారంలోనే అందేలా పంపిస్తాను. మీ శ్రమకు 600 రూపాయలు వెనక్కి ఇస్తాను. ఏది కావాలో మీ ఇష్టం" అన్నారు.

ఆమె కొంచెంసేపు ఆలోచించి, "అతికించడం మాకు వస్తుందా అండీ?" అని అడిగారు. అంబారీ కింద రెండు ములుకులు పెడతాననీ, ఏనుగు వీపున ఉన్న రంధ్రాల్లో అవి కూర్చుంటాయనీ, మామూలు చెక్క జిగురు చుక్క వేసి ఒక రాత్రి కదపకుండా ఉంచితే చాలుననీ ఆయన చెప్పారు. ఆమె రెండో దారికి ఒప్పుకున్నారు.

రెండు రోజుల పనితో భాగాలు తయారయ్యాయి. ఈసారి పెట్టె కట్టే ముందు కుమారుడు ఫోనులో వీడియో తీశాడు. చిన్న పెట్టె కావడంతో 220 రూపాయలతో వెళ్లిపోయింది. నవరాత్రులు మొదలవడానికి రెండు రోజుల ముందు అంబారీ బెంగుళూరు చేరింది. కొలువులో రెండో మెట్టు మీద నిలబడిన ఏనుగు ఫొటో కొండపల్లికి వచ్చింది. పెద్దాయన ఆ ఫొటోను పెద్దది చేసి చూసి, "గొడుగు కొంచెం ఎడమకి వంచి అతికించారు" అన్నారట!

రసీదు వెనుక చిన్న అక్షరాలు

ఇక కొరియర్ సంగతి. కొన్నవారి ఫొటోలు, రసీదు నకలు, వేలం బిల్లు జతచేసి కుమారుడు సంస్థకు ఉత్తరం ఇచ్చాడు. ప్యాకింగు సరిగా లేదని వారు మొదట తోసిపుచ్చారు. రెండోసారి, మూడోసారి రాశాక, సుమారు రెండు నెలలకు 500 రూపాయలు ఇచ్చారు. బీమా చేయని పార్సిలుకు తమ బాధ్యత అంతవరకేనని రసీదు వెనుక అచ్చువేసి ఉంది. బుకింగ్ రోజున దాన్ని ఎవరూ చదవలేదు.

ఈ చిన్న అక్షరాలను తేలిగ్గా తీసుకోరాదు. భారతి నిట్టింగ్ కంపెనీ అనే సంస్థ జర్మనీకి పంపిన కాగితాలు కొరియర్‌లో సకాలంలో చేరక 4 లక్షల రూపాయలకు పైగా నష్టం వచ్చిందని కోర్టుకు వెళ్లింది. సంతకం చేసిన రసీదులోని షరతులకు కట్టుబడవలసిందేనని చెబుతూ, అందులో రాసి ఉన్న 100 డాలర్ల పరిహారాన్నే సుప్రీంకోర్టు 1996లో ఖాయం చేసింది.

అందువల్ల విలువైన సరుకు పంపేటప్పుడు విలువను రసీదులో రాయించి బీమా చేయించుకోవడం మంచిది. తపాలా శాఖలోనూ పార్సిలుకు బీమా సౌకర్యం ఉంది. లారీ పార్సిలు ఆఫీసుల ద్వారా పంపేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం, సరుకు దెబ్బతింటే బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటి మాట చెల్లదు. గడువు దాటితే కోర్టుకు వెళ్లే దారి మూసుకుపోతుంది.

మోసగాళ్లూ లేకపోలేదు

కొన్నవారంతా బెంగుళూరు గృహిణి వంటివారే ఉంటారని చెప్పలేం. పాత విరిగిన వస్తువు ఫొటో పంపి డబ్బు అడిగేవారు ఉంటారు. కొత్తది ఉంచుకుని పాతది వెనక్కి పంపేవారూ ఉంటారు. అలాగని ప్రతివారినీ అనుమానిస్తే వ్యాపారం సాగదు. దీనికి విరుగుడు గొడవ కాదు, గుర్తు. కొండపల్లి కుటుంబం ఇప్పుడు ప్రతి బొమ్మ అడుగున చెరగని సిరాతో ఒక నంబరు వేస్తున్నది. అదే నంబరు బిల్లు మీద ఉంటుంది. పెట్టెలో పెట్టేటప్పుడు ఆ నంబరు కనిపించేలా వీడియో తీస్తారు. ఫిర్యాదు వస్తే మొదట అడిగేది ఆ నంబరు ఫొటోనే.

డబ్బు తిరిగి ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. వేలం వేదిక ద్వారా వచ్చిన డబ్బును ఆ వేదిక ద్వారానే తిరిగి పంపాలి. అప్పుడే లెక్క ఉంటుంది. 'పరిహారం పంపిస్తున్నాం, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి' అని ఎవరైనా అంటే నమ్మరాదు. డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు. పొరపాటున పోగొట్టుకున్నవారు వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి.

పెట్టె కట్టేవారికి...

ఈ అనుభవం తర్వాత ఆ ఇంట్లో పాటిస్తున్న పద్ధతులు ఇవి:

- పెట్టెలో పెట్టె పద్ధతి పాటిస్తారు. చిన్న పెట్టెలో బొమ్మ, దాని చుట్టూ అన్ని వైపులా రెండంగుళాల మెత్త, ఆపైన పెద్ద పెట్టె.
- గొడుగులు, జెండాలు, చేతుల వంటి పొడుచుకువచ్చే భాగాలను వీలైనంతవరకు విడిగా చుట్టి పంపుతారు. అతికించే విధానం తెలుగులో రాసిన చీటీ జతచేస్తారు.
- కట్టిన పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపుతారు. లోపల ఏమాత్రం కదిలినా విప్పి మళ్లీ కడతారు.
- పై మూత మీద అరచేతులు ఆనించి గట్టిగా అదుముతారు. కుంగితే ఆ పెట్టె పనికిరాదు.
- పెట్టె బరువు రసీదులో రాయించి, రసీదు రెండు వైపులా ఫొటో తీసి ఉంచుతారు.

కొనేవారికి కూడా ఒక మాట చెబుతున్నారు. పెట్టె నలిగి కనిపిస్తే తీసుకునేటప్పుడే ఆ సంగతి రసీదు మీద రాసి సంతకం చేయాలి. విప్పేటప్పుడు వీడియో తీయాలి. పండుగ దాకా పెట్టె విప్పకుండా అటక మీద ఉంచరాదు.

మొత్తం మీద ఈ వ్యవహారంలో ఆ కుటుంబానికి 820 రూపాయలు ఖర్చయింది. కొరియర్ నుంచి 500 వచ్చాయి. నికరంగా పోయింది 320 రూపాయలు, రెండు రోజుల పని. డబ్బు పూర్తిగా తిరిగి ఇచ్చినా చట్టరీత్యా తప్పు లేదు. కోపంతో మాట జారి ఉంటే మాత్రం డబ్బూ, బొమ్మా, పేరూ మూడూ పోయేవి.

"బొమ్మ చేయడం వరకే మన పని అనుకునేవాళ్లం. అది వాళ్ల మెట్టు మీద నిలబడే దాకా మన పనే" అంటున్నారు ఆ పెద్దాయన. ఇప్పుడు ఆ ఇంట్లో ఉలి పట్టేది ఎవరైనా, చివరకు పెట్టె మూత అదిమి చూసేది ఆయనే.